మూడు రాళ్ళు, ఒక వాగ్దానాల పెట్టె

పదకొండేళ్ళుగా మా ఇంట్లో ఒక చిన్న పెట్టె నా కంటపడకుండా ఉంటోంది. లేదని కాదు, ఉంది. నా భార్య రోజూ పొద్దున్నే దాన్ని తెరుస్తుంది. నేను వంటింట్లోకి వస్తున్న చప్పుడైతే మూసి బియ్యం డబ్బా వెనక పెట్టేస్తుంది. ఆ పెట్టె మళ్ళీ ముందుగదిలోకి, నా ఎదుటికి వస్తుందా రాదా అన్నది కిందటేడు నాకు పెద్ద ప్రశ్న అయి కూర్చుంది. అంతవరకూ అది ప్రశ్నే కాదు. దాన్ని ప్రశ్నగా చేసింది ఒక వీడియో గేమ్.

పెట్టె సంగతి ముందు చెబుతాను. మా తెలుగు క్రైస్తవుల ఇళ్ళలో దాన్ని వాగ్దానాల పెట్టె అంటారు. గుప్పిట్లో ఇమిడేంత ఉంటుంది. లోపల పేకముక్కల్లా నిలబెట్టిన చిన్న కార్డులు, ఒక్కోదాని మీద బైబిల్లోంచి ఒక్కో మాట. పొద్దున ప్రార్థన చేసుకుని, చూడకుండా ఒకటి లాగుతారు. ఆ రోజుకు అదే వాగ్దానం. చదువుకుని వెనక వరసలో దూర్చేస్తారు. కొత్త సంవత్సరం నాడు గుడిలో, అంటే చర్చిలో, తీసిన కార్డయితే ఏడాదంతా చెల్లుతుంది, దాన్ని బీరువా తలుపుకు లోపలివైపు అంటిస్తారు. మా అమ్మ అంటించేది. మా అత్తగారూ అంటించేది.

నేను పద్దెనిమిదో ఏట గుడి మానేశాను. ఆదివారం మధ్యాహ్నాలు, రాయపూర్ దగ్గరి ఈ ఉక్కు ఊళ్ళోనే, తెలుగు సంఘం హాల్లో జరిగే చర్చలకు వెళ్ళడం మొదలుపెట్టాను. వాటిని నడిపింది విజయనగరం నుంచి వచ్చి ఇక్కడి తెలుగు బడిలో పాఠాలు చెప్పిన ఒక మాస్టారు. విధవా వివాహం, కులం, జాతకం, దెయ్యం, అన్నింటి మీదా వాదించేవాళ్ళం. ఆయన పెట్టిన నియమం ఒక్కటే. ఎదుటివాడి మాట ముందు నువ్వు చెప్పాలి, వాడు తలూపేలా చెప్పాలి, ఆ తర్వాతే నీ జవాబు. నేనొకసారి జాతకాల మీద ఊగిపోతూ లేచాను. "ఆగు. జాతకం నమ్మినోడి మాట ముందు చెప్పు. ఆడు తలూపాల. ఊపలేదా, కూర్చో" అన్నారు. సగం ఆదివారాలు మేం అలా కూర్చునే ఇళ్ళకు పోయేవాళ్ళం.

తర్వాత ఉద్యోగం ఇక్కడి ఉక్కు ప్లాంటులో, రోలింగ్ మిల్లులో. ఎర్రగా కాలిన కడ్డీ రోలర్ల మధ్య పరుగెత్తుతూ ఒక్కోసారి దారి తప్పి గాల్లోకి లేచి చుట్టలు చుట్టుకుపోతుంది. దాన్ని మేం కాబుల్ అంటాం. కాబుల్ పడితే మిల్లు ఆపాలి, ఆ చుట్టను కోసి తీసెయ్యాలి, మళ్ళీ మొదటినుంచీ మొదలుపెట్టాలి, లాగ్‌బుక్కులో కారణం రాయాలి. కడ్డీకి దారిచూపే గైడు అరిగిందా, వేడి తగ్గిందా, మనిషి ఏమరుపాటా. "టైము బాగోలేదు" అని రాస్తే కుదరదు. షిఫ్టు బాధ్యత నాదైన రోజుల్లో, నిమ్మకాయలు కడితే కాబుళ్ళు తగ్గుతాయన్నవాళ్ళతో నిమ్మకాయలు విప్పించాను. ఆ పనికి ఇప్పటికీ సిగ్గుపడను. కారణం తెలియనిచోట తెలియదని రాయడం మనిషి నేర్చుకున్న గొప్ప మర్యాద. ఆ ఖాళీలో నిమ్మకాయ కట్టడం ఆ మర్యాదను పోగొట్టుకోవడం.

ఆ ఊపులోనే ఇంట్లో కూడా ఒక ఘనకార్యం చేశాను.

అప్పటికింకా ప్లాంటువాళ్ళిచ్చిన సెక్టార్ క్వార్టర్లో ఉన్నాం. ఆ వారం మా ఇంట్లో గృహ కూడిక, అంటే వీధిలోని ఆడవాళ్ళు వారానికొకరింట్లో చేరి చేసుకునే ప్రార్థన. పాటలయ్యాయి, ప్రార్థనయింది, టీ వచ్చింది. పెట్టె చేతులు మారుతోంది. ఒక్కొక్కరూ ఒక్కో కార్డు తీసి చదువుతున్నారు. నేను సెకండ్ షిఫ్టుకు తయారవుతున్నవాణ్ణి, "నాకూ ఇవ్వండి" అన్నాను. వాళ్ళ మొహాలు వెలిగాయి. నేను వరసగా ఐదు కార్డులు తీశాను. ఒక్కోటీ చదివి, అది నా జీవితానికి ఎంత చక్కగా అతుకుతుందో వివరించాను. ఐదూ అతికాయి. ఆరోది తీసి టీ కెటిల్ ముందు పెట్టాను. ఓర్పు గురించిన మాట అది. "ఇంతసేపు పొయ్యి మీద కూర్చుంది కదా, దీనికీ సరిపోయింది" అన్నాను. ఎవరూ నవ్వలేదు. నేను నవ్వాను.

అంతటితో ఊరుకోలేదు. దాన్నే వ్యాసంగా రాశాను. ఒక చిన్న పత్రిక అచ్చువేసింది. నా భార్య అది చదివి, మడతపెట్టి బల్ల మీద పెట్టింది. మర్నాటినుంచి పెట్టె ఎప్పుడూ ఉండే ముందుగది కిటికీ దగ్గర లేదు. వాదన గెలిచానని అనుకున్నాను.

కిందటేడు మోకాలికి ఆపరేషన్ అయింది. రిటైరయ్యాక మేం నెహ్రూ నగర్లో మేడమీది వాటాలో ఉంటున్నాం. రోజుకు రెండుసార్లు వ్యాయామం చెయ్యాలి, తర్వాత కాలు చాపి ఇరవై నిమిషాలు ఐసు పెట్టుకుని కదలకుండా ఉండాలి. కదలకపోవడం నాకు చేతకాని పని. రాయపూర్లో ఉద్యోగానికి రోజూ వెళ్ళొచ్చే మా అమ్మాయి నా అవస్థ చూసి తన పాత టాబ్లెట్‌లో ఒక ఆట పెట్టి తెచ్చిచ్చింది. అమ్మాయి పుట్టింది ఇక్కడే, దానికి తెలుగు కంటే హిందీ సుళువు.

"డాడీ, ఏక్ బార్ ఖేల్ కే దేఖో, ఒక్కసారి ఆడి చూడండి. కరెక్ట్‌గా ట్వెంటీ మినిట్స్‌లో అయిపోతుంది."

"గెలిస్తే ఏమవుతుంది?"

"గెలవరు. మర్ జాయేంగే. చచ్చిపోయి మళ్ళీ మొదటినుంచి."

"ఇదేం ఆటే?"

"రోగ్‌లైట్ అంటారు, డాడీ. ఖేలో తో సహీ, ముందు ఆడండి."

ఆటలో మన చేతిలో లాంతరు. కింద గని. ఒక్కో అంతస్తూ దిగాలి. చీకట్లోంచి రకరకాల జీవాలు మీదపడతాయి. ప్రతి అంతస్తు చివరా మూడు రాళ్ళు మెరుస్తాయి. ఒకటే తీసుకోవాలి. ఒకటి లాంతరు వెలుగు పెంచుతుంది, ఒకటి దెబ్బ తగలకుండా కాస్తుంది, ఒకటి ఏం చేస్తుందో తీసుకుంటేగానీ తెలియదు. ఏ మూడు వస్తాయో ముందుగా తెలియదు. చస్తే అన్నీ పోతాయి, మళ్ళీ గని ముఖద్వారం దగ్గర నిలబడతాం. గని కూడా మారిపోయి ఉంటుంది, నిన్నటి దారి ఇవాళ ఉండదు. అయితే చచ్చిన ప్రతిసారీ ఒక చిటికెడు బూడిద మిగులుతుంది. ఆ బూడిద పోగేసి లాంతరును కొంచెం కొంచెంగా బాగుచేసుకోవచ్చు. అది మాత్రం పోదు.

మొదటిరోజు తొమ్మిదిసార్లు చచ్చాను. ఐసు నీళ్ళయిపోయింది.

"ఏటండీ, మీరింకా గనిలోనే ఉన్నారా?" అంది నా భార్య.

"ఇదొక్కటి."

"ఇందాకటిదీ ఒక్కటే అన్నారు."

వారం తిరిగేసరికి ఆమె నన్ను భోజనానికి పిలిచే పద్ధతి మారిపోయింది. "చచ్చిపోయాక రండి. అన్నం వడ్డించీసాను" అనేది. సాయంత్రం అమ్మాయి రాగానే "ఈ పొద్దు మీ డాడీ ఏడుసార్లు పోనారు" అని చెప్పేది. ఇద్దరూ నవ్వుకునేవాళ్ళు. మోకాలు బాగుపడింది, ఐసు మానేయమన్నారు, ఆట మానలేదు. అమ్మాయి ఇంకో రెండు తెచ్చిపెట్టింది. ఒకదాంట్లో మంచుతుఫానులో ఉత్తరాల సంచి మోసుకుపోవాలి. ఇంకోదాంట్లో కార్డులతో పోట్లాడుతూ బురుజు ఎక్కాలి. రెండింట్లోనూ చావు, చిటికెడు మిగులు, మళ్ళీ మొదలు. నాకు మాత్రం గనే ఇష్టం. మా ప్లాంటుకు ఇనుపరాయి పంపే గనులను వయసులో చూసి వచ్చినవాణ్ణి కాబట్టేమో.

ఆటలన్నీ ఒకటేనని, పిల్లల్ని పాడుచేస్తాయని చెప్పే పెద్దలతో నాకు ఇప్పుడు తగువుంది. లోపల ఏముందో చెప్పకుండా, ఆశ చూపి డబ్బుకు పెట్టెలు అమ్ముకునే ఆటలున్నాయి, వాటిని నడిపేవాళ్ళు తాయెత్తులు అమ్మేవాడికి సొంత తమ్ముళ్ళు. ఇది అలాంటిది కాదు. ఇది నన్ను నువ్వు గొప్పవాడివని పొగడదు. చస్తే ఎందుకు చచ్చావో చూపిస్తుంది. రాళ్ళు యాదృచ్ఛికం, ఆడే చెయ్యి మాత్రం నాది అని నిజాయితీగా ఒప్పుకుంటుంది. అయినా దీని గొలుసు గట్టిది. ఓటమి పూర్తిగా వృథా కాదన్న సంగతే ఆ గొలుసు. ఇంకొక్కసారి అనిపించేది గెలుపు మీద ఆశతో కాదు, ఆ చిటికెడు బూడిద కోసం. మిల్లులో ముప్పై ఆరేళ్ళు చేసిన పని కూడా ఇదే కదా అనిపించి ఒకరోజు ఆట ఆపి కూర్చుండిపోయాను. కాబుల్, కోత, కారణం, మళ్ళీ మొదలు.

ఇక అసలు సంగతి.

ఒక పొద్దున టీ గ్లాసులో చివరి గుక్క మిగిలిపోయి ఉండగానే ఆట మొదలెట్టాను. ఆ దఫా మొదటిసారిగా గని అడుగు చూశాను. మర్నాడు నా చెయ్యి దానంతటదే గుక్క మిగిల్చి గ్లాసు కింద పెట్టింది. ఆ మర్నాడూ అంతే. ఎవరో చెబితే నవ్వేవాణ్ణి. నా చేతిని నేను పట్టించుకోలేదు.

పది రోజులయ్యాక ఆమె అడిగింది. "ఏటండీ, టీ అడుగున వదిలేస్తన్నారు? పంచదార ఎక్కువైపోతందా?"

ఆటలో ఉన్నాను, ఊఁ అన్నాను. ఆమె గ్లాసు తీసింది.

"తియ్యకు!" అని అరిచాను.

ఆమె గ్లాసు పట్టుకుని అలాగే నిలబడింది. "ఎందుకూ?"

తెర మీద మూడు రాళ్ళు మెరుస్తున్నాయి. అబద్ధం చెప్పడానికి ఏదీ తట్టలేదు. "అది ఉంటే మంచి రాళ్ళు పడతాయి."

ఆమె నావైపు చూసింది. కెటిల్ గుర్తుందా అని అడగొచ్చు. నీ లాగ్‌బుక్కు ఎక్కడ, నీ మాస్టారెక్కడ అని అడగొచ్చు. నేనైతే అడిగేవాణ్ణి. అడిగి, నలుగురికీ చెప్పి, వ్యాసం కూడా రాసేవాణ్ణి.

"సరే" అంది. గ్లాసును బల్ల మీద ఇందాకటి తడి గుండ్రం మీదే, సరిగ్గా అక్కడే పెట్టింది. వెళ్ళిపోబోతూ మళ్ళీ వెనక్కి వచ్చింది. "ఈగలు వాల్తాయి" అని దానిమీద ఒక చిన్న సాసరు మూతపెట్టి వెళ్ళింది.

ఆ దఫా ఏ రాయి తీసుకున్నానో గుర్తులేదు.

మర్నాటినుంచి పాత నోటుపుస్తకం తీసి, షిఫ్టు పద్ధతిలో రాయడం మొదలుపెట్టాను. ఒక వారం గుక్క మిగిల్చి, ఒక వారం పూర్తిగా తాగి. ఏ అంతస్తులో చచ్చాను, ఏ రాళ్ళు వచ్చాయి, కారణమేమిటి. రెండు వారాల తర్వాత చూస్తే గుక్కకూ రాళ్ళకూ ఏ సంబంధమూ లేదు. ఉండదని నాకు ముందే తెలుసు. పదిహేనో రోజు పొద్దున చెయ్యి మళ్ళీ గుక్క మిగిల్చింది. ఆమె మళ్ళీ సాసరు పెట్టింది.

మూఢనమ్మకం తెలివితక్కువవాళ్ళ జబ్బని నేను ఎన్నో సభల్లో చెప్పాను. అది నిజం కాదు. తన చేతిలో లేనిదాని ఎదుట నిలబడ్డ ప్రతివాడికీ ఆ గుక్క మిగిల్చే చెయ్యి వస్తుంది. నమ్మకాన్ని పరీక్షించమని ఇప్పటికీ అంటాను. పరీక్షించేవాడు పైమెట్టు మీద నిలబడ్డాడని మాత్రం ఇక అనలేను. ఆ సాసరు చూస్తూ ఉంటే మాస్టారి నియమం గుర్తొచ్చింది. జాతకాలవాడి మాట చెప్పాను, భూతవైద్యుడి మాట చెప్పాను, వాళ్ళు తలూపేలా చెప్పాను. పక్కనే బతుకుతున్న మనిషి మాట ఒక్కసారీ చెప్పలేదు. నేరుగా కెటిల్ దగ్గరికి వెళ్ళాను.

ఆమె వంటింట్లో కూర్చుని లాల్ భాజీ, అంటే ఎర్ర తోటకూర, ఆకులు తుంపుతోంది. వెళ్ళి ఎదురుగా కుర్చీ వేసుకుని, నియమం వివరించి, పెట్టె గురించి నీ మాట నేను చెబుతాను అన్నాను.

"అంటే నేను తలూపినదాకా మీరు జవాబు చెప్పకూడదా?"

"చెప్పకూడదు."

"బాగుంది రూలు. మన పెళ్ళికి ముందునుంచీ ఉందా?"

"ఉంది."

ఆమె ఇంకో కట్ట విప్పింది.

"ఆ రోజు ఏం జరగబోతోందో కార్డులో ఉంటుందని నీ నమ్మకం" అన్నాను.

"కాదు."

"మరేమిటి?"

"మీరే చెప్పాల గదా. రూలు."

మర్నాడు మళ్ళీ వెళ్ళాను. "కార్డులో ఏముందన్నది ముఖ్యం కాదు. మంచిమాట చదివితే మనసుకు ధైర్యం. అంతే."

"నన్ను చిన్నపిల్లని చేసీసారు. ఏడుస్తంటే చేతిలో బిళ్ళ పెట్టినట్టు." ఆకుల పళ్ళెం పక్కకు జరిపింది. "అయినా ధైర్యం నాకా?"

ఆ చివరి మాట పట్టుకుని బయటపడ్డాను. చిటికెడు బూడిద.

మూడోరోజు అన్నాను, "ధైర్యం నీకు కాదు. వేరేవాళ్ళకు."

ఆమె చెయ్యి ఆగింది. ఆమె రిటైరయ్యేదాకా నర్సుగా పనిచేసింది, వార్డు సంగతులు ఇంటికి తెచ్చే అలవాటు లేదు. ఆ రోజు చెప్పింది. "డ్యూటీ ఎక్కేముందు తీసేదాన్ని. ఈ మాట ఈ పొద్దు ఎవరిదో చూడాల గదా అని మంచం మంచానికీ తిరిగేదాన్ని. ఒక్కోనాడు వెంటనే దొరికీసేది. ఒక్కోనాడు డ్యూటీ దిగినదాకా దొరికేది కాదు. ఒకనాడు నేల తుడిసే ఆయమ్మది అయ్యింది."

"నీది అయిన రోజులు లేవా?"

"ఉన్నాయి. అవి మీకెందుకు?"

నేను లేవబోతుంటే అంది, "ఆనాడు కెటిల్ ముందు పెట్టారే కార్డు. అది ఆ గదిలో ఒకావిడిదండి. మూల కూర్చుంది. అప్పటికి ఏడాదిబట్టి మంచాన పడ్డ అత్తని చూసుకుంటంది. ఆ కార్డు ఎవరిదో గదిలో అందరికీ తెల్సు. మీకొక్కరికే తెలీదు."

ఎవరూ ఎందుకు నవ్వలేదో పదకొండేళ్ళ తర్వాత తెలిసింది. ఆ రోజు నేను గని జోలికి పోలేదు.

నాలుగోసారి బాగా తయారై వెళ్ళాను. "నువ్వే ఎంచుకుంటే నీకు నచ్చిన మాట నీకు నచ్చిన మనిషికి ఇస్తావు. చూడకుండా తీస్తే ఆ మాట ఎవరిదో వెతకాలి. వెతకాలంటే మనుషుల్ని ఒక్కొక్కరినీ చూడాలి. కార్డు నిన్ను చూడమని పంపిస్తుంది. అదీ నీ పద్ధతి."

మాస్టారు వింటే మెచ్చుకునేవారు అనుకున్నాను.

"బాగా చెప్పారు" అంది. తల మాత్రం ఊపలేదు.

"ఇంకేముంది?"

"ఒకటి వదిలీసారు. ఏటో మీకు తెల్సు."

తెలుసు. నాలుగు రోజులుగా ఆమె వాదనలోంచి దేవుణ్ణి మెల్లగా తప్పిస్తూ వచ్చాను. మంచి ఉద్దేశంతోనే. ఆమె మాటను నాకు నచ్చేలా చెక్కి, ఇదే నీ మాట అని ఆమెకే తిరిగి ఇస్తున్నాను. కెటిల్ నాడు చేసిన పనికి ఇది మర్యాద తొడుక్కున్న రూపం. కానీ ఆ ఒక్క వాక్యం నా నోట రావడం కష్టం. నలభై ఏళ్ళుగా ఆ వాక్యానికి ఎదురుగా నిలబడ్డవాణ్ణి. వాదనలో భాగంగానే అయినా, దానికి ముందు "నువ్వు అనుకుంటావు" అన్న కంచె కట్టకుండా చెప్పాలి. అప్పుడే అది ఆమె మాట అవుతుంది. మూడు రోజులు పట్టింది.

"చూడకుండా నువ్వు తీస్తావు. ఇచ్చేది దేవుడు. ఎవరి మాట ఎవరికి చేరాలో ఆయనకు తెలుసు. నువ్వు మోసుకెళ్ళే మనిషివి."

ఆమె తలూపింది. చాలా చిన్నగా, వార్డులో నాడి చూసి బాగుందని చెప్పేటప్పుడు ఊపేదేమో అలాగే.

"ఇప్పుడు మీ జవాబు చెప్పండి. మీ వంతు."

"నాకు ఆ నమ్మకం లేదు."

"అది జవాబేటండీ? అది తెల్సిందే."

"కెటిల్ ముందు కార్డు పెట్టడం తప్పు. నీ మాట ఏమిటో తెలుసుకోకుండా జవాబు చెప్పాను."

"నలుగురిలో చేసీసారు. పేపర్లో రాసీసారు. ఇప్పుడు వంటింట్లో నాకొక్కదానికే చెప్తే ఎలగండి?"

న్యాయమైన మాట. అందుకని ఇది రాశాను. ఇంతవరకూ మీరు చదివింది మొదట ఆమెకు చదివి వినిపించాను. కాబుల్ గురించి మరీ ఎక్కువ రాశానంది. లాల్ భాజీ కట్టలు మూడని రాస్తే, రెండే అని దిద్దించింది.

మర్నాడు పొద్దున్న నేను కాలు చాపుకుని కూర్చున్నాను, పక్కన టీ గ్లాసు, దానిమీద సాసరు. ఆమె వంటింట్లోంచి పెట్టె తెచ్చి ముందుగది కిటికీలో పెట్టింది. మూలలు అరిగి రంగు పోయింది. నేను అనుకున్నదానికంటే చిన్నది. కళ్ళు మూసుకుని కాసేపు నిలబడి, ఒక కార్డు తీసి, చదువుకుంది. తలెత్తి నావైపు చూసింది, మంచాల వరసలో ఒక మంచం చూసినట్టు.

"ఇవాళ్టిది మీది కాదు" అంది.

"మరెవరిది?"

"కిందింటి దీదీది."

చెప్పులు వేసుకుని మెట్లు దిగి వెళ్ళింది. కింద తలుపు తట్టిన చప్పుడు, తర్వాత హిందీలో మాటలు వినిపించాయి. నేను సాసరు తీసి చివరి గుక్క తాగేశాను. బాగా చల్లారిపోయింది. లాంతరు వెలిగించి గనిలోకి దిగాను. మొదటి అంతస్తులోనే చచ్చాను.